ఊ కొట్టించే కథ: మూడు నిమిషాల పోటీ చరిత్ర

తెలుగువాళ్ళ ఇళ్ళలో కథకి ఒక షరతు ఉండేది. చెప్పేవాళ్ళు చెబుతుంటే వినేవాళ్ళు ‘ఊ’ కొడుతూ ఉండాలి. ఊ ఆగిందంటే పిల్లాడు నిద్రపోయాడనైనా అర్థం, కథ పట్టు తప్పిందనైనా అర్థం. మొదటిదైతే అమ్మమ్మ దుప్పటి కప్పి లేచి వెళ్తుంది. రెండోదైతే రాక్షసుణ్ణి అనుకున్నదానికంటే కాస్త ముందుగానే రంగంలోకి దించుతుంది. మా సాఫ్ట్‌వేర్ వృత్తిలో రెండు కంప్యూటర్లు మాట్లాడుకునేటప్పుడు, పంపిన ముక్క అందిందని అవతలి నుంచి కబురు రావాలి. రాకపోతే మళ్ళీ పంపాలి. ఈ ఏర్పాటుకి పెద్ద పెద్ద పేర్లు పెట్టుకున్నాం గాని, మన అమ్మమ్మలకి అది ఎప్పటినుంచో తెలిసిన ఊకొట్టుడే.

అచ్చులో కళ్ళతో చదువుకోవడానికి కాకుండా, ఒకరు పైకి చదివితే మరొకరు వినడానికి రాసే కథల గురించి ఈ వ్యాసం. అలాంటి కథల కోసం అమెరికాలో ఒక రేడియో సంస్థ 2009 నుంచి 2013 వరకు పదకొండు విడతలుగా ఒక పోటీ నడిపింది. మనలో చాలామంది ఆ సంవత్సరాల్లో కారులో వెళ్తూ ఆ రేడియో విన్నవాళ్ళమే. ఆ పోటీ ఏమిటో, దాని షరతులు ఏమి నేర్పాయో, మన సభలకీ మన పిల్లలకీ దానితో ఏం పనో చెప్పడమే నా ఉద్దేశం.

రేడియో వచ్చాక ఊ ఏమైంది?

అచ్చు యంత్రం కథని చెవి నుంచి కంటికి మార్చిందని అందరికీ తెలుసు. రేడియో వచ్చి మళ్ళీ చెవి దగ్గరికి తెచ్చింది. కాని ఒక మెలిక ఉంది. రేడియోలో కథ చెప్పేవాడికి ఊ వినిపించదు. లక్షమంది వింటున్నా అతని ముందున్నది ఒక మైకు, నాలుగు గోడలు. విసుగొచ్చినవాడు చెయ్యి చాపి మీట తిప్పేస్తాడు, ఆ సంగతి చెప్పేవాడికి తెలియదు.

ఈ చిక్కుని మొదట బాగా అర్థం చేసుకున్నవారిలో ఎ.జె. అలన్ ఒకరు. బి.బి.సి. 1922లో మొదలైతే, ఆయన 1924లో రేడియోలో కథ చెప్పడం మొదలుపెట్టారు. అసలు పేరు లెస్లీ హారిసన్ లాంబర్ట్. బ్రిటిష్ ప్రభుత్వపు రహస్య సంకేతాల విభాగంలో ఉద్యోగం, అందుకే మారుపేరు. ఆయన కథ వింటే క్లబ్బులో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి అప్పుడే గుర్తొచ్చినట్టు ఏదో చెబుతున్నాడనిపించేది. నిజానికి ప్రతి మాటా ముందుగా రాసుకున్నదే. కాగితాల చప్పుడు మైకులో పడకుండా వాటిని అట్టల మీద అంటించుకునేవారు. స్టూడియోలో దీపాలు ఆరిపోతే చదవడం ఆగకూడదని పక్కన కొవ్వొత్తి పెట్టుకునేవారు. ఏడాదికి చెప్పినవి కొద్ది కథలే. ‘సహజంగా మాట్లాడినట్టు’ ఉండడానికి ఎంత కష్టపడాలో అంత కష్టపడ్డ మనిషి. వినపడని ఊని ఊహించుకుని, అది ఎక్కడ పడాలో అక్కడ ఒక క్షణం ఆగడం ఆయన విద్య.

మన వైపు చూస్తే, హైదరాబాదులో డెక్కన్ రేడియో నిజాం కాలంలోనే ఉంది. ఆకాశవాణి మద్రాసు కేంద్రం 1938 జూన్ 16న, విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయ్యాయి. బుచ్చిబాబు వంటి కథకులు ఆకాశవాణిలో ఉద్యోగాలు చేసి, చెవి కోసం నాటికలు రాశారు. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు ‘రేడియో అన్నయ్య’, ‘రేడియో అక్కయ్య’గా పిల్లల చేతే కథలు చెప్పించి, పాటలు పాడించారు. పంచాయతీ ఆఫీసు లౌడ్‌స్పీకరు కింద ఊరంతా కూర్చుని విన్న రోజులు కూడా ఉన్నాయి. అక్కడ మాత్రం ఊ కొట్టేవాళ్ళకి కొదవ లేదు. రేడియోకి వినిపించకపోయినా ఒకరికొకరు కొట్టుకునేవారు.

రేడియోకి ముందే మన కథకి ఒక మేలు జరిగింది. గిడుగు రామమూర్తి పంతులు, గురజాడ అప్పారావు పట్టుబట్టి వ్యావహారిక భాషని రాతలోకి తెచ్చారు. తొలి తెలుగు కథ ఏది అన్న చర్చ పక్కన పెడితే, 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ వర్ణనతో కాకుండా తలుపు దగ్గర పిలిచే గొంతుతో మొదలవుతుంది. వినేవాడి చెవి ఆ గొంతుకి వెంటనే అటు తిరుగుతుంది. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్ని సంభాషణలే నడిపిస్తాయి. ముళ్ళపూడి వెంకటరమణ ‘బుడుగు’ని మౌనంగా చదువుకున్నవాళ్ళకి కూడా లోపల ఒక పిల్లాడి గొంతు వినపడి తీరుతుంది. ఇవన్నీ అచ్చయిన కథలే, కాని చెవి తెలిసినవాళ్ళు రాసినవి.

న్యూయార్కు నుంచి వచ్చిన బహుమతి

అమెరికాకీ తెలుగు కథకీ పోటీల బంధం పాతదే. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక జరిపిన అంతర్జాతీయ కథల పోటీలో 1952లో పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’కి రెండో బహుమతి వచ్చింది. నియమాలు గీసుకుని బతికే ఒక పెద్దమనిషి, ఒక బిచ్చగత్తె, ఒక తుపాను రాత్రి. ఆ కథ తెలియని తెలుగు పాఠకుడు తక్కువ. ఆ పోటీ కంటి పోటీ. కథ ఇంగ్లీషులోకి వెళ్ళి, కాగితం మీద చదవబడి, గెలిచింది. పద్మరాజు తెలుగు వాక్యం ఎలా మోగుతుందో ఆ న్యాయనిర్ణేతలకి తెలిసే అవకాశం లేదు. దానివల్ల బహుమతి విలువ తగ్గదు. కాని పోటీ ఏ ఇంద్రియానికి పెట్టామన్నది గెలిచే కథని నిర్ణయిస్తుంది. యాభై ఏడేళ్ళ తర్వాత అమెరికాలోనే వచ్చిన పోటీ ఈ సంగతిని రెండో వైపు నుంచి చూపించింది.

మూడు నిమిషాల కథ

నేషనల్ పబ్లిక్ రేడియో, అంటే మనం ఎన్.పి.ఆర్. అని పిలిచే సంస్థ, 1971లో ‘ఆల్ థింగ్స్ కన్సిడర్డ్’ అనే వార్తా కార్యక్రమం మొదలుపెట్టింది. దాని వారాంతపు ప్రసారంలో, గై రాజ్ వ్యాఖ్యాతగా ఉన్న రోజుల్లో, 2009 వేసవిలో శ్రోతలకి ఒక పిలుపు వచ్చింది. మూడు నిమిషాల్లోపు పైకి చదవగలిగే కథ రాసి పంపండి, 600 మాటలు మించవద్దు అన్నారు. పేరు ‘త్రీ మినిట్ ఫిక్షన్’. మొదటి న్యాయనిర్ణేత ‘న్యూయార్కర్’ పత్రిక విమర్శకుడు జేమ్స్ వుడ్. నవలలని వాక్యం వాక్యంగా విప్పి చూసే మనిషిగా ఆయనకి పేరు.

కథలు వేలల్లో వచ్చాయి. వార్తల మధ్య కథకి చోటివ్వడం వింతగా అనిపించవచ్చు. అయితే శనివారం మధ్యాహ్నం కారులో కూరగాయలు తెచ్చుకుంటూ యుద్ధం వార్తలు విన్న మనిషి, ఆ వెంటనే ఎవరో ముక్కూ మొహం తెలియని సాటి శ్రోత రాసిన కథ వింటాడు. ఇందాకటి వరకు వినేవాడు, ఇప్పుడు చెప్పేవాడయ్యాడు. మీట తిప్పేసే చెయ్యి కలం పట్టింది. పోయిన ఊ ఇలా వేరే రూపంలో తిరిగి వచ్చిందని నేను అనుకుంటాను.

వడపోత పనిలో అయోవా రచయితల వర్క్‌షాప్ విద్యార్థుల వంటివారు సాయపడ్డారు. మిగిలిన కథల్లోంచి న్యాయనిర్ణేత ఒకటి ఎంచేవారు. మధ్య వారాల్లో నచ్చిన కథల భాగాలని సూసన్ స్టాంబర్గ్, బాబ్ మాండెల్లో వంటి ఎన్.పి.ఆర్. గొంతులు చదివి వినిపించేవి. సూసన్ స్టాంబర్గ్ 1972లో అమెరికాలో జాతీయ స్థాయి సాయంకాలపు వార్తా కార్యక్రమానికి వ్యాఖ్యాత అయిన తొలి మహిళ. అలాంటి గొంతు తన వాక్యాన్ని పలకడం కంటే కొత్త రచయితకి పెద్ద బహుమతి ఏముంటుంది? ఇక్కడ భారీ నగదు ప్రస్తావన లేదు. న్యాయనిర్ణేత సంతకం చేసిన పుస్తకం, రేడియోలో ఆ కథ, న్యాయనిర్ణేతతో నాలుగు మాటలు. అంతే. అయినా జనం విడత విడతకీ రాశారు.

పదకొండు షరతులు

మొదటి విడతలో నిడివి తప్ప వేరే షరతు లేదు. రెండో విడత నుంచి ప్రతిసారీ ఒక ముడి వేశారు. రెండోదానికి కూడా జేమ్స్ వుడ్ న్యాయనిర్ణేత. ఆయన ఒక మొదటి వాక్యం ఇచ్చారు, నర్సు అయిదింటికి పని ముగించుకుని వెళ్ళిపోయిందని. మిగతాది మీ ఇష్టం. మూడో విడతకి అలన్ చ్యూస్. ఈసారి ఒక ఫోటో చూసి కథ రాయాలి. నాలుగో విడతకి ఆన్ పాచెట్ నాలుగు మాటలు ఇచ్చి, నాలుగూ కథలో రావాలన్నారు: ప్లాంట్, బటన్, ట్రిక్, ఫ్లై.

ఈ నాలుగు మాటల్ని కాస్త గమనించండి. ప్లాంట్ అంటే మొక్క కావచ్చు, కర్మాగారం కావచ్చు, నాటడం కావచ్చు. ఫ్లై అంటే ఈగ, లేదా ఎగరడం. అచ్చులో అర్థం కాకపోతే కళ్ళు వెనక్కి వెళ్ళి మళ్ళీ చదువుతాయి. చెవికి వెనక్కి వెళ్ళే సదుపాయం లేదు. మాట గాలిలో ఉన్నంతసేపే దాని అర్థం స్థిరపడాలి. కాబట్టి ఏ అర్థం కావాలో ఆ దారి ముందే వేసి ఉంచాలి. అయిదారేళ్ళ పిల్లకి కథ చెప్పే అమ్మమ్మ ఆ పనే చేస్తుంది. నక్క మోసం చేయబోతోందని ముందే ఒక చూపు చూసి, గొంతు తగ్గిస్తుంది.

అయిదో విడతలో మైకేల్ కన్నింగ్‌హామ్ మొదటి వాక్యం, చివరి వాక్యం రెండూ తానే ఇచ్చారు. నడుమ దారి పోటీదారుడిది. ఆరో విడతలో చిమామండా ఎన్‌గోజీ అడీచీ పెట్టిన షరతు నాకు అన్నిటికంటే ఇష్టం. కథలో ఒక పాత్ర హాస్యోక్తి చెప్పాలి, ఒక పాత్ర ఏడవాలి. ఏడో విడతలో డేనియెల్ ఎవాన్స్, ఒకరు ఊళ్ళోకి రావాలి, ఒకరు ఊరు విడిచి వెళ్ళాలన్నారు. ప్రవాసులకి ఈ షరతు వింటే నవ్వొస్తుంది, ఎందుకంటే మన కథలన్నీ ఈ రెండింటిలో ఒకటి. ఎనిమిదో విడతకి లూయిస్ ఆల్బెర్టో ఉర్రేయా మళ్ళీ మొదటి వాక్యం ఇచ్చారు. పుస్తకం మూసి, తలుపు దాటి వెళ్ళడానికి ఒకామె నిశ్చయించుకుంటుంది. తొమ్మిదో విడత 2012 ఎన్నికల సమయంలో వచ్చింది. బ్రాడ్ మెల్ట్‌జర్ షరతు ప్రకారం కథలో ఒక అమెరికా అధ్యక్షుడు ఉండాలి, నిజమైనవాడైనా సరే, కల్పించినవాడైనా సరే. పదో విడతలో మోనా సింప్సన్ కథ మొత్తం ఫోనులో వదిలిన సందేశం రూపంలో ఉండాలన్నారు. పదకొండో విడత 2013లో, కారెన్ రస్సెల్ న్యాయనిర్ణేతగా. ఒక మనిషికి ఒక వస్తువు దొరుకుతుంది, తిరిగి ఇచ్చే ఉద్దేశం అతనికి లేదు. దానితో ఈ వరస ముగిసింది.

ఈ షరతుల వల్ల ఒక ప్రయోజనం తేలికగా కనిపిస్తుంది. సొరుగులో ఉన్న పాత కథని పంపడం కష్టం, కొత్తగా రాయాల్సిందే. రెండో ప్రయోజనం వినేవాళ్ళకి. షరతు ముందే తెలుసు కనుక, రేడియో ముందున్నవాడు ఆ వాక్యం ఎప్పుడు వస్తుందా, ఏడ్చేది ఎవరా అని చెవి ఒగ్గి ఉంటాడు. అవధానంలో దత్తపది ఇచ్చినప్పుడు సభ అంతా ఎదురుచూసినట్టే ఇది. నాలుగు పరాయి మాటలు ఇచ్చి పద్యంలో ఇమడ్చమంటే, మూడో మాట పడగానే చప్పట్లు మోగుతాయి. సమస్య ఇచ్చి పూరించమనడం, చివరి పాదం ముందే చెప్పడం మనకి కొత్త కాదు. ఆన్ పాచెట్ ఇచ్చిన నాలుగు మాటలు దత్తపది. మైకేల్ కన్నింగ్‌హామ్ ఇచ్చిన చివరి వాక్యం సమస్యాపూరణం. ఆ మహానుభావులకి మన అవధానం సంగతి తెలిసి చేశారని నేను అనడం లేదు. చెవి కోసం పని చేసేవాళ్ళు ఏ దేశంలో ఉన్నా ఇలాంటి ఉపాయాలకే చేరుకుంటారని మాత్రం అంటాను.

లెక్క సరిపోయిందా?

ఇంజనీరుకి 600 మాటలు, మూడు నిమిషాలు అనగానే భాగహారం గుర్తొస్తుంది. నిమిషానికి 200 మాటలు. ఇది చాలా వేగం. ఇంగ్లీషు ఆడియో పుస్తకాలు సాధారణంగా నిమిషానికి 150, 160 మాటల దగ్గర నడుస్తాయి. బి.బి.సి. రేడియో 4 కొత్త రచయితల కథలకి పెట్టిన ‘ఓపెనింగ్ లైన్స్’ వరసలో, పావుగంట ప్రసారానికి 2,000 మాటల్లోపు అడిగేవారు. ముందూ వెనకా ప్రకటనలు పోను 14 నిమిషాలనుకుంటే నిమిషానికి సుమారు 140. ఆ లెక్కన 600 మాటల కథకి నాలుగు నిమిషాలు దాటుతుంది. అంటే ‘మూడు నిమిషాలు’ అన్నది కళ్ళతో చదివే వేగానికే దగ్గర. కథకుడు ఊపిరి పీల్చుకుంటూ, ఆగవలసినచోట ఆగుతూ చదవాలంటే 450 మాటలు మంచి కొలత.

ఇదే పోటీ తెలుగులో పెడితే లెక్క ఇంకా మారుతుంది. ఇంగ్లీషులో ‘ఇన్ ది హౌస్’ మూడు మాటలు. మనకి ‘ఇంట్లో’ ఒకటే. ‘రాకపోయినప్పటికీ’ అన్న ఒక్క మాటలో ఇంగ్లీషు వాళ్ళ నాలుగైదు మాటలు దాక్కుని ఉంటాయి. నేను కొన్ని తెలుగు కథలు గడియారం పెట్టుకుని నిదానంగా పైకి చదివి చూశాను. నిమిషానికి నూరు మాటలకి అటూ ఇటూ తేలింది. నా గొంతు వేగం అది, మీది వేరు కావచ్చు. ఏమైనా ఇంగ్లీషు పోటీ నుంచి ‘600 మాటలు’ అన్న అంకెని ఎత్తుకొచ్చి తెలుగు పోటీకి పెడితే మూడు నిమిషాల కథ ఆరు నిమిషాలు అవుతుంది. చెవి కథకి మాటల లెక్క కంటే నిమిషాల లెక్కే న్యాయం.

ఇంకో తేడా వాక్య నిర్మాణంలో ఉంది. తెలుగులో క్రియ చివర వస్తుంది. అయిదు పంక్తుల వాక్యం రాస్తే, ఎవరు ఏం చేశారో తేలేదాకా వినేవాడు అన్నీ చేతుల్లో మోస్తూ నిలబడాలి. అయితే దీనికి మందు కూడా మన భాషలోనే ఉంది. ‘వెళ్ళి, చూసి, తెచ్చి, పెట్టి’ అంటూ గొలుసుగా చెబితే ప్రతి లంకె దగ్గరా ఒక ఊ పడుతుంది. ఏడు చేపల కథ తరతరాలుగా చెడకుండా ఉండడానికి కారణం అదే. ఒక ప్రశ్న, ఒక జవాబు, ఆ జవాబులోంచి మరో ప్రశ్న. పత్రికా సంపాదకుడైతే ‘ఒకే ధోరణి పదే పదే వస్తోంది, తగ్గించండి’ అంటాడు. చెవికి మాత్రం ఆ పునరుక్తే వెనక్కి తిప్పి చూసుకునే పేజీ.

పిల్లల పోటీ, పుస్తకాల ఎత్తు

చెవి కథల పోటీల్లో ఇంకొకటి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. బ్రిటన్‌లో బి.బి.సి. రేడియో 2 ఉదయపు కార్యక్రమంలో, క్రిస్ ఎవాన్స్ 2011లో పిల్లల కోసం ‘500 వర్డ్స్’ అనే పోటీ మొదలుపెట్టారు. అప్పట్లో పదమూడేళ్ళ వరకు వయసున్న పిల్లలు 500 మాటలు మించకుండా కథ రాయాల్సి ఉండేది. తొలి వడపోత ఉపాధ్యాయులు, గ్రంథాలయ ఉద్యోగులు స్వచ్ఛందంగా చేసేవారు. చివరి సభలో గెలిచిన కథల్ని పేరున్న నటులు పైకి చదివేవారు, అది రేడియోలో నేరుగా ప్రసారమయ్యేది. ఆ రోజుల్లో బంగారు పతకం వచ్చిన పిల్లలకి క్రిస్ ఎవాన్స్ ఎంత పొడుగో అంత ఎత్తు పుస్తకాల దొంతర ఇచ్చేవారు. కంచు పతకం వస్తే ఆ పిల్లల ఎత్తుకి సరిపడా పుస్తకాలు. 2018లో లక్షా 30 వేలకు పైగా కథలు వచ్చాయి. 2020 తర్వాత కొంత విరామం వచ్చి, 2023లో బి.బి.సి. దాన్ని మళ్ళీ మొదలుపెట్టింది.

ఈ పోటీకి ఒక నియమం ఉంది. అక్షరదోషాలకి, వ్యాకరణానికి, విరామ చిహ్నాలకి మార్కులు తగ్గించరు. కథ ఎలా ఉందన్నదే చూస్తారు. వినేవాడికి అక్షరదోషం వినపడదు కదా! ఈ ఒక్క నియమంతో, స్పెల్లింగు రాక క్లాసులో వెనక బెంచీలో కూర్చునే పిల్లలకి కూడా తలుపు తెరుచుకుంది.

మరో మేలు కూడా జరిగింది. ఆ కథలన్నిటినీ ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ కంప్యూటరుతో పరిశీలించి, ఆ ఏడాది పిల్లల నోట ప్రత్యేకంగా వచ్చిన మాటని ప్రకటించేది. 2016లో ఆ మాట ‘రెఫ్యూజీ’. 2018లో ‘ప్లాస్టిక్’. పెద్దవాళ్ళు పిల్లలు ఏవో దెయ్యాల కథలు రాసుకుంటున్నారనుకుంటే, పిల్లలు ఇల్లు వదిలి పడవెక్కిన మనుషుల గురించి, సముద్రంలో చెత్త గురించి రాస్తున్నారు. ఊ కొట్టవలసిన వంతు పెద్దవాళ్ళకి వచ్చింది.

మన సంగతి

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అమెరికా జనగణన సంస్థ సర్వే లెక్కల ఆధారంగా 2018లో ఒక విశ్లేషణ వచ్చింది. 2010 నుంచి 2017 మధ్య ఈ దేశంలో ఇంట్లో తెలుగు మాట్లాడేవారి సంఖ్య 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటింది. పెద్ద భాషల్లో అంత వేగంగా పెరిగింది మరొకటి లేదు. మనం ఆ వార్తని ఒకరికొకరు పంపుకుని సంతోషించాం, సంతోషించవలసిందే. కాని ఆ సర్వే అడిగే ప్రశ్న ఏమిటి? ఇంట్లో ఇంగ్లీషు కాక వేరే భాష మాట్లాడతారా అని. చదువుతారా అని ఆ ప్రశ్నాపత్రం అడగదు. అడిగి ఉంటే మన అంకె ఎంత ఉండేదో ఈ సభకి వచ్చిన ప్రతి కుటుంబం తన భోజనాల బల్ల దగ్గర లెక్కపెట్టుకోగలదు.

మన పిల్లల్లో చాలామందికి తెలుగు చెవిలో ఉంది, కంట్లో లేదు. ‘చెప్పులు విప్పి లోపలికి రా’ అంటే తెలుస్తుంది. అదే వాక్యం కాగితం మీద రాసి ఇస్తే ముగ్గులా చూస్తారు. మనబడి వంటి బడులు 2007 నుంచి ఆదివారాల్లో అక్షరాలు దిద్దిస్తున్నాయి. ఆ కృషికి చేతులెత్తి నమస్కరించాలి. కాని పిల్లాడు గుణింతాలు దాటి, కథ చదివి ఆనందించే స్థాయికి వచ్చేసరికి హైస్కూలు వస్తుంది, కాలేజీ వస్తుంది, కారు తాళాలు వస్తాయి. ఈలోగా వాడి చెవిలో ఉన్న తెలుగుకి మేత ఎవరు వేస్తారు?

మన సంఘాల కథల పోటీలకి మంచి చరిత్రే ఉంది. హ్యూస్టన్ కేంద్రంగా వంగూరి ఫౌండేషన్ ఏళ్ళ తరబడి ఉగాది రచనల పోటీలు జరిపింది. ఇలాంటి సంచికల్లో మనవాళ్ళ కథలు అచ్చవుతూనే ఉన్నాయి. అయితే ఇవన్నీ కంటి పోటీలు. రాసేది మనం, చదివేది మనం. కథలో తరచు ఉండేది మన పిల్లలు, ఆ కథ చదవలేనిది కూడా వాళ్ళే. ఇంతకంటే వింత ఇంకేముంది? తమ గురించి రాసిన కథలకి వాళ్ళు ఊ కొట్టే వీలు లేదు.

అందుకే ఎన్.పి.ఆర్. నుంచి నిడివినీ షరతునీ, బి.బి.సి. నుంచి అక్షరదోషాల క్షమాపణనీ అరువు తెచ్చుకుని మన సభల్లో ఒక చెవి కథల పోటీ పెట్టవచ్చు. నా మనసులో ఉన్న రూపం ఇది. కథ మూడు నిమిషాలు, మాటల లెక్క లేదు. పంపవలసింది కాగితం కాదు, గొంతు. జేబులో ఉన్న ఫోనే స్టూడియో. పిల్లలు తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుని చదివినా అభ్యంతరం లేదు, వినేవాడికి ఆ కాగితం కనపడదు. ప్రతి విడతకీ ఒక షరతు. అమ్మమ్మ ఫోను కాల్‌తో కథ మొదలవ్వాలి, లేదా కథలో ఒక పచ్చడి సీసా పగలాలి. పెద్దల విభాగంలో గెలిచిన కథల్ని పిల్లలకి వినిపించి, వాళ్ళ ఓటుతో ఒక బహుమతి. పిల్లలకి అర్థం కాని కథకి ఆ బహుమతి రాదు. అప్పుడు మన వాక్యాలు వాటంతట అవే తిన్నబడతాయి.

దీనికి ఖర్చు పెద్దగా లేదు. సాంకేతికంగా కష్టమూ లేదు. గత కొన్నేళ్ళలో దాసుభాషితం, హర్షణీయం వంటివి తెలుగు కథని మళ్ళీ చెవికి చేర్చే పనిలో దిగాయి. కారులో, వంటింట్లో, నడకలో తెలుగు కథ వినేవాళ్ళు తయారయ్యారు. చెప్పేవాళ్ళనీ తయారు చెయ్యడం సంఘాల పని.

ఎన్.పి.ఆర్. పోటీ నాలుగేళ్ళే నడిచింది. రేడియో సంస్థలకి కార్యక్రమాలు వస్తుంటాయి, పోతుంటాయి. ఇంగ్లీషుకి ఆ పోటీ ఆగిపోవడం వల్ల వచ్చిన లోటు ఏమీ లేదు, ఆ భాష రేపూ ఉంటుంది, ఎల్లుండీ ఉంటుంది. మన ఇళ్ళలో తెలుగు సంగతి అలా కాదు. ఒక తరం చెవిలో ఉండి నోటికి రాకపోతే, తర్వాతి తరానికి చెవిలో కూడా ఉండదు. లిపి నేర్పడానికి ఏళ్ళు పడుతుంది, అది సాగుతూ ఉండనివ్వండి. కథ వినడానికి మూడు నిమిషాలు చాలు. పిల్లలు ఇంకా ఊ కొడుతున్నారు. అది ఆగేలోపు కథ మొదలుపెడదాం.